నొప్పి లేకుండా మూత్రంలో రక్తం, అల్ట్రాసౌండ్ నార్మల్: సీటీ యూరోగ్రామ్, సిస్టోస్కోపీ రెండూ చేయించాలా?

కావలి కోడలు | పెరంబూర్, చెన్నై

అందరికీ నమస్కారం. మా మామయ్య విషయంలో సలహా కావాలి. ఆయనకి 66 ఏళ్లు. కావలిలో ఉంటారు, మనవడి పుట్టినరోజుకి మా దగ్గరికి వచ్చారు. వచ్చిన మర్నాడు పొద్దున యూరిన్‌కి వెళ్తే ఎర్రగా రక్తం పడింది. నొప్పి లేదు, మంట లేదు, జ్వరం లేదు. మర్నాడు చిన్న రక్తపు ముద్ద ఒకటి పడి, ఆ తర్వాత దానంతటదే మామూలైపోయింది. యూరిన్ కల్చర్‌లో ఏమీ పెరగలేదు. ఇంటి దగ్గర స్కాన్ సెంటర్‌లో పొట్ట అల్ట్రాసౌండ్ తీయించాం. కిడ్నీలు నార్మల్, రాళ్లు లేవు, ప్రోస్టేట్ కొద్దిగా పెరిగింది అని రాశారు. చివర్లో 'మూత్రాశయం పూర్తిగా నిండలేదు' అని ఒక లైను ఉంది.

యూరాలజిస్టు సీటీ యూరోగ్రామ్ (కాంట్రాస్ట్ మందు ఎక్కించి మూత్రం దారిని చూసే స్కాన్), సిస్టోస్కోపీ (మూత్రం దారిలో కెమెరా గొట్టం పంపి మూత్రాశయం లోపల చూడటం) రెండూ చేయించమన్నారు. మామయ్య ససేమిరా అంటున్నారు. 'ఆగిపోయిందిగా, ఇంకా ఈ గొట్టాలెందుకమ్మా' అంటారు.

షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడతారు. గుండెకి స్టెంట్ ఉంది, ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ వేసుకుంటారు. కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ 1.1. స్టెంట్ పడేదాకా చుట్ట కాల్చేవారు, తర్వాత మానేశారు. రొయ్యలు తింటే ఒళ్లంతా దద్దుర్లొస్తాయి, అందుకే సీటీలో ఎక్కించే కాంట్రాస్ట్ అంటే నాకు భయం. రక్తం పలచబడే మందుల వల్లే ఇలా అయ్యుంటుందా? రెండు పరీక్షల్లో ఒకటి చాలదా?

రాయపురం రావు

కంగారు పడకమ్మా. ఈ ఎండలకి వేడి చేసి ఉంటుంది. మా స్నేహితుడికి ఇలాగే అయితే కిడ్నీలో రాయి అని తేలింది. బార్లీ నీళ్లు, సబ్జా తాగించు. పెద్దాయన్ని అనవసరంగా ఆస్పత్రుల చుట్టూ తిప్పొద్దు.

వార్డు సిస్టర్ | అయనావరం

రావుగారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు, కానీ ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా అడ్డం వస్తాను. యూరాలజీ వార్డులో పనిచేసి రిటైరైనదాన్ని. రాయి అయితే చాలావరకు నడుం పక్కన మెలిపెట్టే నొప్పి ఉంటుంది. నొప్పి లేకుండా కంటికి కనిపించేలా రక్తం పడటం, అదీ పొగతాగిన మగవాడికి, ఈ వయసులో! మూత్రాశయం క్యాన్సర్ కాదని తేలేదాకా వదలకూడదు. ఇలా పడిన వాళ్లందరికీ క్యాన్సరే ఉంటుందని కాదు, చాలామందికి ఉండదు. కానీ ఉన్నవాళ్లకి తరచూ ఇదే మొదటి లక్షణం.

అమ్మా, రక్తం ఆగిపోవడం దాని స్వభావం. గోడ మీద చిన్న చిన్న వేళ్లలా మొలిచే గడ్డ నుంచి ఒకరోజు రక్తం కారుతుంది, తర్వాత వారాలూ నెలలూ ఏమీ ఉండదు. ఆ మధ్య కాలంలో ఇంట్లోవాళ్లు 'తగ్గిపోయింది' అనుకుంటారు. వార్డులోకి ఆలస్యంగా వచ్చినవాళ్లని అడిగితే ఎక్కువమంది చెప్పేది ఇదే: 'ఆర్నెల్ల కిందట ఒకసారి పడింది, ఆగిపోయింది.'

మందుల సంగతి. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ రక్తం కారడాన్ని ఎక్కువ చేస్తాయి. కానీ కారడానికి లోపల ఏదో ఒక చోటు ఉండాలి కదా. అందుకే ఈ మందులు వాడేవాళ్లకీ మిగతావాళ్లకి చేసే పరీక్షలన్నీ చేయాలనే వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. స్టెంట్ ఉంది కాబట్టి మీ అంతట మీరు మాత్రం ఆ మాత్రలు ఆపకండి. ఆపాలా వద్దా అన్నది గుండె డాక్టరు, యూరాలజిస్టు మాట్లాడుకుని చెప్పాలి.

ఇక ఆ అల్ట్రాసౌండ్. బ్లాడర్ నిండలేదని వాళ్లే రాశారు. నిండని బ్లాడర్ గోడ ముడతలు పడి దళసరిగా కనిపిస్తుంది. ఆ మడతల్లో సెంటీమీటరు గడ్డ కూడా దాక్కుంటుంది. ఆ రిపోర్టు మీద నార్మల్ అనుకోవడానికి లేదు.

సీటీ గది | వడపళని

సిస్టర్ చెప్పినదానికి స్కాన్ వైపు నుంచి కొంత కలుపుతాను. నేను సీటీ టెక్నీషియన్‌ని, చాలా ఏళ్లుగా ఇదే పని.

మూత్రం నడిచే దారి మొత్తానికి లోపలి పొర ఒకటే. కిడ్నీలోని గిన్నెల దగ్గర మొదలై, రెండు యూరేటర్లు (కిడ్నీల నుంచి మూత్రం దిగే గొట్టాలు), బ్లాడర్ మీదుగా కింది నాళం దాకా పరుచుకుని ఉంటుంది. మూత్రాశయం క్యాన్సర్లలో నూటికి తొంభై దాకా ఈ పొర నుంచే పుడతాయి. ఒకే మడి అనుకోండి, ఒక మూల కలుపు మొలిచిందంటే మిగతా మడి కూడా నడిచి చూడాలి. పై భాగాన్ని సీటీ యూరోగ్రామ్ చూస్తుంది, బ్లాడర్‌ని సిస్టోస్కోపీ చూస్తుంది. ఒకదాని పని ఇంకోటి చెయ్యలేదు.

సీటీ యూరోగ్రామ్ మామూలు సీటీ కాదు, మూడు విడతల్లో తీస్తాం. మొదట కాంట్రాస్ట్ లేకుండా. రాళ్లు ఇందులోనే బాగా తెలుస్తాయి, ఎందుకంటే కాంట్రాస్టూ తెల్లగానే ఉంటుంది, రాయీ తెల్లగానే ఉంటుంది, తర్వాత రెండూ కలిసిపోతాయి. రెండోది కాంట్రాస్ట్ ఎక్కించిన నిమిషంన్నర అటూఇటూగా. కిడ్నీ కండలో గడ్డలు ఉంటే అప్పుడు బయటపడతాయి. మూడోది పది నిమిషాల సుమారు ఆగి. అప్పటికి కిడ్నీలు కాంట్రాస్ట్‌ని మూత్రంలోకి వదిలేస్తాయి, యూరేటర్లు తెల్లటి దారాల్లా కనిపిస్తాయి. ఆ తెలుపు మధ్యలో నల్లటి ఖాళీ ఉందంటే రేడియాలజిస్టు అక్కడ ఆగి చూస్తారు. గడ్డ కావచ్చు, రక్తపు ముద్ద కావచ్చు.

కాంట్రాస్ట్ మూత్రం కన్నా బరువు. వెల్లకిలా పడుకున్నప్పుడు బ్లాడర్ వెనక భాగంలో పేరుకుపోతుంది, పైన మామూలు మూత్రం తేలుతుంది. అందుకే మూడో విడతకి ముందు పేషెంటుని టేబుల్ మీదే ఒకసారి బోర్లా తిరిగి మళ్లీ వెల్లకిలా పడుకోమంటాం, లేదా దింపి నాలుగడుగులు నడిపిస్తాం. పెద్దవాళ్లు 'స్కాన్ పాడైందేమో, మళ్లీ తీస్తున్నారు' అని భయపడతారు. ముందే చెప్పి ఉంచండి. మందు ఎక్కేటప్పుడు ఒళ్లంతా వేడిగా అనిపిస్తుంది, యూరిన్ వచ్చేసినట్టు ఉంటుంది, నిజంగా రాదు. నిమిషంలో పోతుంది.

రొయ్యల గురించి. రొయ్యలు పడకపోవడానికి కారణం వాటి కండలోని ప్రోటీన్, అయోడిన్ కాదు. అందువల్ల రొయ్యలు పడనివాళ్లకి కాంట్రాస్ట్ ఇవ్వకూడదనే నియమం ఏదీ లేదు. అయినా ఫారంలో తప్పకుండా రాయండి. ఇంతకుముందు కాంట్రాస్ట్‌కే రియాక్షన్ వచ్చిందా, ఆస్తమా ఉందా అన్నవి అంతకన్నా ముఖ్యం. స్టెంట్ వేసినప్పుడు యాంజియోగ్రామ్‌లో ఇచ్చింది కూడా అయోడిన్ కాంట్రాస్టే. అప్పుడు ఇబ్బంది రాలేదంటే అది మంచి సంగతి.

కావలి కోడలు

సీటీ గది గారూ, యాంజియోగ్రామ్ మాట నాకు తట్టనే లేదు. అప్పుడు ఏమీ కాలేదు. మెట్‌ఫార్మిన్ ఆపాలా?

సీటీ గది | వడపళని

66 ఏళ్ల మగాయనకి క్రియాటినిన్ 1.1 అంటే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత బాగా వడగడుతున్నాయో చెప్పే లెక్క) 60 పైనే వస్తుంది. ఈజీఎఫ్ఆర్ 30 కన్నా తక్కువ ఉన్నవాళ్లకి మెట్‌ఫార్మిన్ తప్పనిసరిగా ఆపుతాం, 48 గంటల తర్వాత మళ్లీ కిడ్నీ పరీక్ష చేసి మొదలుపెడతారు. కిడ్నీలు బాగున్నవాళ్లకి కూడా కొన్ని సెంటర్లు జాగ్రత్తకి 48 గంటలు ఆపమంటాయి. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడిగేయండి, ఆ రోజు వెనక్కి పంపితే పెద్దాయన మళ్లీ రారు.

తోళ్ల వీధి | పల్లావరం

కావలి కోడలు గారూ, మీ మామయ్య గారు ఏం పని చేసేవారు? కుర్రతనం నుంచీ అడగండి. చుట్ట ఒక్కటే కాకపోవచ్చు.

కావలి కోడలు

అడిగాను. పెళ్లికి ముందు ఇక్కడే క్రోమ్‌పేట వైపు తోళ్ల ఫ్యాక్టరీలో చేశారట. రంగు వేసే డ్రమ్ముల దగ్గర. చేతులు మోచేతుల దాకా నీలంగా ఉండేవి, ఆదివారం అన్నం తినేటప్పుడు కూడా రంగు పోయేది కాదు అని చెప్పారు. ఇన్నేళ్లలో మా ఆయనకి కూడా ఈ సంగతి తెలీదు.

తోళ్ల వీధి | పల్లావరం

ఇది డాక్టరుకి తప్పకుండా చెప్పండి. నేను లెదర్ కెమిస్ట్‌ని, ఆ డ్రమ్ములు నాకు బాగా తెలుసు.

రంగుల పరిశ్రమకీ బ్లాడర్ క్యాన్సర్‌కీ ఉన్న లంకె కొత్తది కాదు. 1895లోనే జర్మనీలో లుడ్విగ్ రేన్ అనే సర్జన్, ఫుక్సిన్ రంగు తయారుచేసే పనివాళ్లలో ఈ గడ్డలు వస్తున్నాయని చెప్పాడు. 1938లో విల్‌హెల్మ్ హ్యూపర్ బృందం బీటా నాఫ్తైలమీన్ అనే రసాయనాన్ని కుక్కలకిచ్చి, వాటి బ్లాడర్‌లో గడ్డలు పుడతాయని చూపించింది. బెంజిడీన్ కూడా అదే జాతిది. చాలాకాలం తోళ్లకీ బట్టలకీ వేసిన నలుపు, నీలం, గోధుమ రంగుల్లో బెంజిడీన్ మీద ఆధారపడినవి బోలెడు. మన దేశంలో వాటిని 1990ల్లో నిషేధించారు. మీ మామయ్య గారు పనిచేసింది అంతకుముందే.

ఈ రసాయనాలు చర్మం గుండా, ఊపిరి గుండా ఒంట్లోకి వెళ్తాయి. కిడ్నీలు వాటిని వడగట్టి మూత్రంలోకి పంపుతాయి. ఆ మూత్రం గంటల తరబడి నిలిచేది బ్లాడర్‌లో. పొగాకు పొగలోనూ ఇదే జాతి రసాయనాలు ఉంటాయి. బ్లాడర్ క్యాన్సర్లలో సుమారు సగానికి పొగాకే కారణం. జనం చుట్టనీ బీడీనీ గొంతుకీ ఊపిరితిత్తులకీ మాత్రమే ముడిపెడతారు, మూత్రాశయం ఎవరికీ గుర్తు రాదు. పని మానేసిన ఇరవై ముప్ఫై ఏళ్లకి కూడా ఇది బయటపడుతుంది. రంగు డ్రమ్ముల దగ్గర పనిచేసి ఊళ్లకి వెళ్లిపోయినవాళ్లు ఎంతమందో. ఒంగోలు నుంచి, నెల్లూరు నుంచి వచ్చిన కుర్రాళ్లు నా కళ్ల ముందే ఎందరో ఉండేవారు. వాళ్లనెవరూ పిలిచి పరీక్ష చేయలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

టీ నగర్ లత

షుగర్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. పియోగ్లిటజోన్ వాడితే బ్లాడర్ క్యాన్సర్ వస్తుందంటారు, నిజమేనా? మా నాన్న వాడుతున్నారు.

వార్డు సిస్టర్ | అయనావరం

2013 జూన్‌లో మన కేంద్ర ప్రభుత్వం ఆ మందుని ఆపేసింది, జూలై ఆఖరుకి హెచ్చరికతో మళ్లీ అనుమతించింది. బ్లాడర్ క్యాన్సర్ ఉన్నవాళ్లకీ, ఇంతకుముందు వచ్చినవాళ్లకీ, మూత్రంలో రక్తం పడి కారణం తేలనివాళ్లకీ ఇవ్వకూడదు. మీ నాన్నగారికి ఇవేవీ లేకపోతే భయపడి ఆపేయకండి, తర్వాతిసారి వెళ్లినప్పుడు డాక్టరుని అడగండి.

చూళై అమ్మాయి

ఆడవాళ్ల గురించి ఒక మాట చెప్పాలి. మా అమ్మకి 58. యూరిన్‌లో రక్తం పడిన ప్రతిసారీ ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్ రాసేవారు. కల్చర్ పంపలేదు. మందు వాడుతుండగా రక్తం ఆగేది, మందు పనిచేసింది అనుకునేవాళ్లం. ఏ డాక్టరో ఇక్కడ చెప్పను. చివరికి ఇంకో ఆవిడ, గైనకాలజిస్టు, 'ఇది గర్భసంచి నుంచి కాదు, యూరిన్ దారి నుంచి, కల్చర్ క్లీన్‌గా ఉంది, సిస్టోస్కోపీకి వెళ్లండి' అన్నారు. అప్పటికి గడ్డ కండలోకి దిగింది. కీమో ఇచ్చి తర్వాత బ్లాడర్ తీసేశారు. పేగు ముక్కతో దారి చేసి పొట్ట మీద బ్యాగ్ పెట్టారు.

అమ్మ ఇప్పుడు బాగుంది. మార్కెట్‌కి వెళ్తుంది, తిరుపతి కొండకి కూడా వెళ్లొచ్చింది. కానీ ఆడవాళ్లకి రక్తం పడితే ఇన్ఫెక్షన్ అనుకుని కల్చర్ లేకుండా మందు మీద మందు వేయకండి అని చెప్పాలనిపించింది. అమ్మ పొగ తాగలేదు. పొగ తాగనివాళ్లకీ వస్తుంది.

కావలి కోడలు

చూళై అమ్మాయి గారూ, మీ పోస్టు మామయ్యకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. రాత్రి భోజనాలయ్యాక 'ఎప్పుడు వెళ్దాం' అని అడిగారు.

సీటీ అయింది. టేబుల్ మీద బోర్లా తిరగమన్నప్పుడు ఆయన భయపడలేదు, ముందే చెప్పి ఉంచాను కదా. రిపోర్టులో ఇలా ఉంది: రెండు కిడ్నీలు, యూరేటర్లు క్లియర్. కిడ్నీలో వాపు లేదు. బ్లాడర్ ఎడమ పక్క గోడ మీద, యూరేటర్ రంధ్రానికి దగ్గర్లో 14 మిల్లీమీటర్ల పాపిలరీ గ్రోత్ (వేళ్లలా మొలిచిన గడ్డ). బయటి కొవ్వులోకి వెళ్లినట్టు లేదు, లింఫ్ గ్రంథులు పెరగలేదు.

సిస్టోస్కోపీ ఎల్లుండి. గడ్డ ఉందని సీటీలో తెలిసిపోయింది కదా, ఇంకా కెమెరా ఎందుకు, నేరుగా ఆపరేషన్ చేయొచ్చుగా అని మా ఆయన అడుగుతున్నారు.

మడివాళ మాస్టారు | బెంగళూరు

అమ్మా, నేను ఈ దారిలో నడిచినవాణ్ని. చిత్తూరు జిల్లా వాణ్ని, బెంగళూరులో టీచరుగా చేశాను. గడ్డ స్కాన్‌లో స్పష్టంగా ఉంటే కొందరు డాక్టర్లు విడిగా సిస్టోస్కోపీ పెట్టకుండా మత్తులోనే చూసి అదే టేబుల్ మీద తీసేస్తారు. మీ డాక్టరు ముందు చూస్తానన్నారంటే ఇంకెక్కడైనా ఉందేమో తెలుసుకుని ప్లాన్ చేసుకోవడానికి.

గోడ మీద బల్లపరుపుగా పాకే రకం ఒకటుంది, సీఐఎస్ అంటారు. ఎత్తు ఉండదు కాబట్టి అల్ట్రాసౌండ్‌కీ సీటీకీ సాధారణంగా దొరకదు. కెమెరాకి ఎర్రటి మచ్చలా కనిపిస్తుంది. యూరిన్ సైటాలజీ (మూత్రంలో క్యాన్సర్ కణాల్ని వెతికే పరీక్ష) కూడా అడిగి చూడండి, ఇలాంటి హై గ్రేడ్ (దూకుడుగా పెరిగే) కణాలని అది బాగానే పడుతుంది. లో గ్రేడ్ గడ్డల్ని మాత్రం తరచూ వదిలేస్తుంది. కాబట్టి సైటాలజీ నెగటివ్ వచ్చిందని ధీమా పడకూడదు.

మెత్తగా వంగే స్కోప్ అయితే మత్తు అక్కర్లేదు. మొద్దుబారే జెల్లీ వేసి కాసేపు ఆగుతారు. ప్రోస్టేట్ దగ్గర దాటేటప్పుడు ఒక్క క్షణం పట్టేసినట్టు ఉంటుంది. ఆ సమయంలో యూరిన్ పోస్తున్నట్టు వదులుగా ఉండమని నర్సు చెబుతుంది, అది నిజంగా పనిచేస్తుంది. నేను స్క్రీన్ చూస్తూ పడుకున్నాను. ఎర్రటి గోడ మీద నీటిలో ఊగుతున్న సన్నటి పోగులు, ఒక్కో పోగు మధ్యలో సన్నటి రక్తనాళం. నా గడ్డ అదే. తర్వాత రెండు రోజులు మంట ఉంటుంది, నీళ్లు బాగా తాగించండి.

రాయపురం రావు

గడ్డని గోకి ముక్క తీస్తే ఒళ్లంతా పాకుతుందని మా పెద్దలనేవారు. ఇది నిజంగా తెలుసుకుందామని అడుగుతున్నా.

వార్డు సిస్టర్ | అయనావరం

అడిగారు మంచిదైంది రావుగారూ, ఈ భయంతో ఆపరేషన్ దాకా రానివాళ్లని చూశాను. ఇక్కడ ముక్క తీయడమే మొదటి వైద్యం కూడా. టీయూఆర్‌బీటీ అంటారు. పొట్ట కోయరు. మూత్రం దారిలోనే పరికరం పంపి, కరెంటు తీగతో గడ్డని పొరలు పొరలుగా చెక్కి బయటికి తీస్తారు. గడ్డ అక్కడే ఉండిపోతేనే లోపలికి దిగుతుంది.

కొత్తగా తేలిన కేసుల్లో నూటికి 70 నుంచి 75 దాకా ఇంకా కండలోకి దిగని దశలోనే ఉంటాయి. అమ్మా, మీ బయాప్సీ రిపోర్టులో మూడు విషయాలు వెతకండి. గ్రేడ్ హైనా లోనా. ఎంత లోతు: టీఏ అంటే పై పొరలోనే, టీ1 అంటే దాని కింది పొరలోకి, టీ2 అంటే కండలోకి. మూడోది, ముక్కలో కండ ఉందా లేదా. కండే లేకపోతే 'కండలోకి దిగలేదు' అని ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు. ఈ మూడో లైనుని చాలామంది చదవరు.

టీ నగర్ లత

ఎంఆర్ఐ చేస్తే లోతు ముందే తెలీదా? పెట్ సీటీ అన్నిటికన్నా పెద్ద స్కాన్ కదా, అదొక్కటి చేయిస్తే పోదా?

సీటీ గది | వడపళని

లోతు చెప్పడంలో సీటీ బలహీనం. బ్లాడర్ కండ పొరలు దానికి విడివిడిగా కనబడవు. ఎంఆర్ఐకి కనబడతాయి. 2018లో వీఐ-రాడ్స్ అనే స్కోరు పద్ధతి వచ్చింది, 1 నుంచి 5 దాకా. 1 అంటే కండలోకి దిగే అవకాశం చాలా తక్కువ, 5 అంటే చాలా ఎక్కువ. చేయిస్తే గడ్డ చెక్కకముందే చేయించాలి. చెక్కాక వాపూ రక్తమూ ఉండి బొమ్మ తికమక పెడుతుంది, కనీసం రెండు వారాలు ఆగాల్సి వస్తుంది. అందరికీ అక్కర్లేదు, డాక్టరు అడిగితేనే.

పెట్ సీటీలో ఇచ్చే ఎఫ్‌డీజీ అనే మందు మూత్రంలోకే పోతుంది. బ్లాడర్ మొత్తం మెరిసిపోతుంది, చిన్న గడ్డ ఆ మెరుపులో కనబడదు. గ్రంథులకీ ఎముకలకీ పాకిందేమో చూడటానికి అది పనికొస్తుంది. పెద్ద స్కాన్, చిన్న స్కాన్ అని ఏమీ లేదండీ. దేన్ని వెతుకుతున్నాం అన్నదాన్ని బట్టే స్కాన్.

ఇంకో మాట. మూడు విడతల సీటీలో రేడియేషన్ ఎక్కువే. ముప్ఫై ఏళ్ల అమ్మాయికి మైక్రోస్కోపులో మాత్రమే కొద్ది రక్తకణాలు కనబడితే ఇదంతా అక్కర్లేకపోవచ్చు, బాగా నిండిన బ్లాడర్‌తో మంచి అల్ట్రాసౌండ్‌తో మొదలుపెట్టొచ్చు. అల్ట్రాసౌండ్‌ని నేను తక్కువ చేయను. పేషెంటుని పక్కకి తిప్పితే రక్తపు ముద్ద జారుతుంది, గడ్డ కదలదు. డాప్లర్ పెడితే గడ్డలో రక్తం పారడం కనిపిస్తుంది. చేసేవాళ్లు ఓపిగ్గా చేయాలి, అంతే.

కావలి కోడలు

సిస్టోస్కోపీలో ఎడమ పక్క గడ్డ కనిపించింది. బ్లాడర్ పైకప్పు మీద ఎర్రటి మచ్చ ఇంకొకటి ఉందట. అది సీటీలో లేదు! మాస్టారు గారూ, మీరు చెప్పినట్టే.

టీయూఆర్‌బీటీ అయింది. గుండె డాక్టరు క్లోపిడోగ్రెల్ కొన్నాళ్లు ఆపించి, ఎకోస్ప్రిన్ కొనసాగించమన్నారు. నడుముకి మత్తు ఇచ్చి చేశారు. మూడు దారుల గొట్టం పెట్టి సెలైన్‌తో కడుగుతూ ఉన్నారు. బ్యాగులో రంగు ఎరుపు నుంచి గులాబీకి, గులాబీ నుంచి లేత పసుపుకి మారేదాకా మా ఆయన రాత్రంతా దాన్నే చూస్తూ కూర్చున్నారు.

బయాప్సీ: హై గ్రేడ్, టీ1. కండ ఉంది, అందులోకి దిగలేదు. ఎర్రటి మచ్చ సీఐఎస్. కొన్ని వారాల్లో మళ్లీ ఒకసారి చెక్కాలంటున్నారు. ఒకసారి తీసేశాక మళ్లీ ఎందుకు?

వార్డు సిస్టర్ | అయనావరం

టీ1 హై గ్రేడ్ అయితే రెండోసారి చూడటం నియమం, సాధారణంగా రెండు నుంచి ఆరు వారాల్లోపు. మొదటిసారి ఎంత బాగా చేసినా అడుగున మిగిలిపోవడం తరచూ జరుగుతుంది. ఒక్కోసారి లోతు అనుకున్నదానికన్నా ఎక్కువని అప్పుడే తెలుస్తుంది. ఇది డాక్టరు లోపం కాదు. దయచేసి దీన్ని దాటవేయకండి.

టీ1తో పాటు సీఐఎస్ కూడా ఉంది కాబట్టి ఇది తేలికపాటి రకం కాదు, దాచకుండా చెబుతున్నాను. బీసీజీ అనే మందు గురించి చెబుతారు. బ్లాడర్ ముందుగానే తీసేయడం గురించి కూడా మాట్లాడొచ్చు. రెండిటి లాభనష్టాలూ అడగండి, మామయ్య గారిని కూడా కూర్చోబెట్టి అడగండి. శరీరం ఆయనది.

కావలి కోడలు

రెండోసారి చెక్కిన ముక్కల్లో క్యాన్సర్ మిగల్లేదు! బీసీజీతో మొదలుపెడదాం అన్నారు. పిల్లలకి టీబీ రాకుండా భుజానికి వేసేది ఇదేనా? ఇది క్యాన్సర్‌కి ఎలా మందు అయింది?

తోళ్ల వీధి | పల్లావరం

అదే సూక్ష్మజీవి. మన గిండీలో 1948 నుంచీ ఈ టీకా ల్యాబొరేటరీ ఉంది. బ్లాడర్‌లోకి నేరుగా ఎక్కించి గడ్డలు మళ్లీ రాకుండా ఆపొచ్చని 1976లో కెనడాలో అల్వారో మొరాలెస్ బృందం చూపించింది. బీసీజీ గోడకి అంటుకోగానే శరీరంలోని రక్షక కణాలు అక్కడికి దండుగా వస్తాయి, ఆ పోరులో క్యాన్సర్ కణాలు కూడా చస్తాయి. ఇన్నేళ్లయినా ఈ రకానికి దీన్ని పక్కకి తోసే మందు అంత తేలిగ్గా రాలేదు.

మడివాళ మాస్టారు | బెంగళూరు

నేను తీసుకున్నాను కాబట్టి ఇంట్లో జరిగే సంగతులు చెబుతా. మొదట వారానికొకటి చొప్పున ఆరు. సన్నటి గొట్టంతో లోపలికి పంపి గొట్టం తీసేస్తారు. రెండు గంటలు ఆపుకోవాలి. ఆ రోజు పొద్దున కాఫీ, నీళ్లు తక్కువ తాగితే ఆపుకోవడం సులువు. అందులో ఉండేది బతికున్న సూక్ష్మజీవి. అందుకే తర్వాత ఆరు గంటల దాకా కూర్చునే యూరిన్ పోయాలి, చిందకూడదు. ప్రతిసారీ టాయిలెట్‌లో బ్లీచ్ పోసి, పావుగంట ఆగి నీళ్లు కొట్టాలి. మీ ఇంట్లో చిన్నపిల్లాడు ఉన్నాడు కాబట్టి ఆ రోజుకి ఆయనకో బాత్రూమ్ విడిగా ఇవ్వండి.

ఆ సాయంత్రం కాస్త జ్వరం, ఒళ్లునొప్పులు, మాటిమాటికీ యూరిన్ మామూలే. 101 డిగ్రీలు దాటి జ్వరం తగ్గకుండా ఉంటే మాత్రం పారాసిటమాల్ వేసి ఇంట్లో కూర్చోకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లి 'బీసీజీ తీసుకున్నారు' అని మొదటి మాటగా చెప్పండి. డ్యూటీ డాక్టరు కొత్తవాళ్లయితే వాళ్లకి అది తట్టకపోవచ్చు.

కావలి నుంచి రైల్లో వచ్చి డోసు తీసుకుని అదే రోజు రైలెక్కిద్దామని అనుకోవద్దు. ఆ ఆరు గంటలూ ఇంట్లో ఉండాలి.

కావలి కోడలు

రైలు లేదండీ. ఆరు వారాలూ ఇక్కడే ఉంటానన్నారు. అత్తయ్య కూడా వచ్చేస్తున్నారు. ఖర్చు గురించి ఎవరైనా చెప్పగలరా? మాకు ఆంధ్రా ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు ఉంది.

చూళై అమ్మాయి

ఆ కార్డు చెన్నైలో అన్ని ఆస్పత్రుల్లో చెల్లదు, చెల్లిన చోట కూడా అన్ని చికిత్సలకీ ఉండదు. అడ్మిట్ కాకముందే ఆస్పత్రిలో ఆ పథకం హెల్ప్ డెస్కులో మీ చికిత్స పేరు చెప్పి రాతపూర్వకంగా అడగండి. ప్రైవేటు మోయలేకపోతే సెంట్రల్ స్టేషన్ ఎదురుగా జీహెచ్ (ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి) ఉంది, 1954లో ముత్తులక్ష్మి రెడ్డి గారు పెట్టిన అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. మా అమ్మ వైద్యం మధ్యలో డబ్బు అయిపోయినప్పుడు ఫైల్ మార్చుకున్నాం, ఎవరూ చిన్నచూపు చూడలేదు. స్కాన్ సీడీలు, బయాప్సీ బ్లాకులు, స్లైడ్లు అన్నీ మీ చేతిలో ఉంచుకోండి. రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు, కొత్త చోట స్లైడ్లు మళ్లీ చూస్తారు.

టీ నగర్ లత

ఆరు డోసుల తర్వాత అయిపోయినట్టేనా?

మడివాళ మాస్టారు | బెంగళూరు

లేదమ్మా. ఈ జబ్బు మళ్లీ మళ్లీ వచ్చే రకం. మూడు నెలలకి సిస్టోస్కోపీ, సైటాలజీ. క్లీన్‌గా ఉంటే అప్పుడప్పుడూ మూడేసి డోసులు, ఇలాంటి కేసుల్లో మూడేళ్ల దాకా. కెమెరా పరీక్ష మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి, తర్వాత ఆర్నెల్లకోసారి. కిడ్నీ గిన్నెలు, యూరేటర్ల కోసం మధ్యమధ్యలో సీటీ యూరోగ్రామ్. నా తేదీలన్నీ తెలుగు క్యాలెండర్‌లో రాసుకుంటాను, సిస్టోస్కోపీ ఉన్న వారం ఏ ఊరూ పెట్టుకోను. చుట్ట మళ్లీ ముట్టుకోకుండా చూడండి. పొగ తాగేవాళ్లకి ఇది తిరగబెట్టడం ఎక్కువ.

వార్డు సిస్టర్ | అయనావరం

మొదటి డోసు ఎప్పుడమ్మా? ముందు యూరిన్ టెస్ట్ చేయించారా? ఇన్ఫెక్షన్ ఉన్నా, కంటికి రక్తం కనిపిస్తున్నా ఆ వారం బీసీజీ ఇవ్వకూడదు. గొట్టం వేసేటప్పుడు గాయమై రక్తం వచ్చినా వాయిదా వేయాలి. ఒకవేళ వాళ్లు మరిచిపోతే మీరే గుర్తుచేయండి.

కావలి కోడలు

బుధవారం. యూరిన్ క్లియర్‌గా ఉంది, ఇన్ఫెక్షన్ లేదు. చివరిసారి చెక్కి రెండు వారాలు దాటింది. బ్లీచ్ తెచ్చిపెట్టాను, వెనక బాత్రూమ్ మామయ్యకే. ఆయనతో పాటు డ్రమ్ముల దగ్గర పనిచేసిన ఇద్దరు ఇంకా అల్లూరులో ఉన్నారట. నిన్న వాళ్లకి ఫోన్ చేసి యూరిన్ ఎలా ఉందిరా అని అడుగుతుంటే విన్నాను. తోళ్ల వీధి గారూ, వాళ్లిద్దరికీ ఏ పరీక్షతో మొదలుపెట్టమని చెప్పాలి?

తోళ్ల వీధి | పల్లావరం

నెల్లూరులో యూరాలజిస్టుని చూడమనండి. రంగుల పని చేసిన సంగతి మొదటే చెప్పి, యూరిన్‌ని మైక్రోస్కోపు కింద పరీక్ష చేయించుకోమనండి. మూత్రంలో ముంచి చూసే స్ట్రిప్ ఒక్కటే చాలదు. రక్తకణాలు కనబడినా, ఎప్పుడైనా ఎర్రగా పడిన గుర్తున్నా సిస్టోస్కోపీ దాకా వెళ్లమనండి. వాళ్లు ఒప్పుకుంటే నా నంబరు మీకు మెసేజ్‌లో ఇస్తాను, నేనే మాట్లాడతాను.